నూటికి ఇద్దరేనా?

వయసు పైబడ్డాక కంటి వెనక పొర రెటీనా మధ్యలో సూటిచూపునిచ్చే మాక్యులా అనే చోటు దెబ్బతినే జబ్బు ఎంతమందికి వస్తుందని అడిగితే, చెప్పడానికి తెలుగువాళ్లకు సొంత అంకె ఒకటుంది: 1.82 శాతం. ఎక్కడో అమెరికాలో లెక్కగట్టి మనకు అంటగట్టింది కాదిది. 1996 నుంచి 2000 దాకా ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్లు హైదరాబాద్ నగరంలోనూ, పశ్చిమగోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెల్లోనూ తిరిగి పదివేల మందికి పైగా కళ్లు పరీక్షించారు. అందులో 40 ఏళ్లు నిండినవాళ్లు 3,700 మంది పైచిలుకు. వాళ్లలో ఈ జబ్బు 71 మందికి కనబడింది. వయసుల తేడాలూ అవీ సర్దుబాటు చేస్తే తేలిన లెక్క అది.

నూటికి ఇద్దరు కూడా లేరు! ఈ మాట వినగానే ఎవరికైనా నిశ్చింతగానే ఉంటుంది. షుగరూ బీపీ ఇంటికొకరికి ఉన్న కాలంలో నూటికి ఇద్దరంటే ఒక లెక్కా? నా తగాదా ఆ నిశ్చింతతోనే. అంకె తప్పని అనడం లేదు. దాన్ని మనం చదువుకునే తీరు తప్పు.

ఆ నూరుమందిలో ఎవరున్నారో ముందు చూడాలి. 40 ఏళ్ల బడిపంతులు ఉన్నాడు, 45 ఏళ్ల డ్రైవరు ఉన్నాడు, యాభై దాటని చిల్లరకొట్టు ఆవిడ ఉంది. వీళ్లకు ఈ జబ్బు రావడం అరుదు. మన జనాభాలో 40 దాటినవాళ్లలో చాలామంది వీళ్లే. 80 దాటిన అవ్వలూ తాతలూ ఆ నూరుమందిలో పట్టుమని నలుగురు ఉంటారో లేదో. జబ్బు ఉండేదేమో వాళ్ల దగ్గర. అందరినీ కలిపి సగటు తీస్తే జబ్బు పలచబడి కనబడుతుంది.

వయసుతో ఇది ఎలా పెరుగుతుందో యూరప్ సంతతి ప్రజల మీద చేసిన అధ్యయనాలను కలిపి లెక్కగట్టారు. చూపును బాగా దెబ్బతీసే ముదిరిన దశ 70 ఏళ్ల వయసులో నూటికి ఒకరిద్దరిలో ఉంటే, 80 ఏళ్లకు ఐదారుగురిలో, 90 ఏళ్లకు 20 మందిలో ఉంది. పదేళ్లకోసారి మూడు నాలుగు రెట్లు. మన దగ్గర శాతాలు అచ్చంగా అవే అనను, తెల్లవాళ్లలో ఇది కొంత ఎక్కువే. కానీ వయసుతో పాటు పెరగడం మాత్రం అన్నిచోట్లా ఉంది. కాబట్టి 'ఎంతమందికి వస్తుంది' అన్న ప్రశ్నకు 'ఎంత వయసువాళ్లలో' అని ఎదురుప్రశ్న వేయకుండా ఎవరైనా జవాబు చెబితే నమ్మొద్దు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఇదే దేశంలో, ఉత్తరాదిన ఒకచోట, దక్షిణాదిన ఒకచోట 60 దాటినవాళ్ల మీద ఇండ్‌ఐ అనే అధ్యయనం జరిగింది. 2010లో ఫలితాలు వచ్చాయి. కంటి వెనక ఫొటోలు తీసి, వాటిని జాగ్రత్తగా గ్రేడు చేస్తే, తొలి మెట్టు మార్పులు నూటికి 39 మందిలో కనిపించాయి. ముదిరిన దశ మాత్రం 1.2 శాతమే. ఒక చోట రెండు, ఇంకో చోట 39! వార్తల్లో ఇలాంటివి పక్కపక్కన చూసిన మనిషి 'ఈ డాక్టర్లకే ఒక మాట లేదు' అని పేపరు మడిచి పక్కన పెట్టేస్తాడు. నిజానికి రెండింట్లో ఏదీ అబద్ధం కాదు. ఎంత వయసువాళ్లను తీసుకున్నారు, ఏ మార్పును జబ్బుగా లెక్కేశారు అన్నదాన్ని బట్టి అంకె మారుతుంది. రెటీనా కింద పసుపురంగు చుక్కలుగా పేరుకునే వ్యర్థాన్ని డ్రూసెన్ అంటారు. చిన్న చుక్క ఒకటి ఉన్నా లెక్కలోకి తెస్తే అంకె ఉబ్బుతుంది. అలాంటి చుక్కలున్న చాలామంది బతికినంతకాలం సూదిలో దారం ఎక్కించుకుంటూనే ఉంటారు.

అందుకే నాకు పెద్ద అంకెలతో భయపెట్టేవాళ్ల మీదా అంతే చిరాకు. ప్రపంచం మొత్తం మీద 2020 నాటికి 19.6 కోట్ల మందికి, 2040 నాటికి 28.8 కోట్ల మందికి ఈ జబ్బు ఉంటుందని 2014లో వేసిన అంచనా ఒకటి తెగ తిరుగుతుంటుంది. అమెరికాలో 2019లో దాదాపు 1.98 కోట్ల మందికి ఉందని తర్వాత లెక్క తేల్చారు. దాని కిందే రాసిన రెండో అంకెను ఎవరూ చెప్పరు: అందులో ముదిరిన దశలో ఉన్నవాళ్లు సుమారు 15 లక్షలు. అంటే జబ్బున్న ప్రతి 13 మందిలో ఒకరు. మిగతా పన్నెండుమంది కనిపెట్టుకుని ఉండాల్సినవాళ్లు, గుండెలు బాదుకోవాల్సినవాళ్లు కాదు.

ఇంతకీ ఇది చేసే పని ఏమిటంటే, చూపు నడిమధ్యను తినేస్తుంది. రెటీనా మధ్యలో సుమారు ఐదున్నర మిల్లీమీటర్ల చోటు మాక్యులా. అక్షరం చదవాలన్నా, మొహం పోల్చాలన్నా, బియ్యంలో రాయి ఏరాలన్నా పనిచేసేది ఆ కాస్త చోటే. చుట్టూ ఉన్న రెటీనా బాగానే ఉంటుంది కాబట్టి మనిషి చీకట్లో పడిపోడు. నడుస్తాడు, గుమ్మం దాటతాడు, స్నానానికి తనే వెళ్తాడు. పక్కచూపు ఉంటుంది, సూటిచూపు పోతుంది.

ఇంట్లో పేచీలు మొదలయ్యేది ఇక్కడే. మా మేనత్తది తెనాలి పక్కన ఊరు. ఎనభై దాటింది. వంటింటి గోడ మూలన బల్లి కదిలితే 'అదుగో బల్లి' అంటుంది. ఎదురుగా వచ్చి నిలబడ్డ మనవరాలిని మాత్రం 'ఎవరమ్మా?' అని అడుగుతుంది. వాళ్ల కోడలు ఒకరోజు నాతో వాపోయింది: 'అన్నయ్యగారూ, నేల మీద పడ్డ చీపురుపుల్ల కూడా కనబడుద్ది ఈవిడకి. నేను మాత్రం కనబడను. కావాలని చేత్తన్నట్టు లేదూ?' ఆ పిల్ల చెడ్డది కాదు. అత్తగారికి అన్నం కలిపి చేతికిచ్చే మనిషి. తనకు కనిపించేదాన్ని బట్టి న్యాయంగానే అనుమానపడింది. కళ్లు పోతే మొత్తం పోతాయనే మనకు తెలుసు. మూలనున్న పుల్ల కనబడి మధ్యనున్న మొహం కనబడకపోవడం అనేది మనకు లెక్కలో లేని సంగతి. అత్త మాత్రం 'నువ్వు నోరు తెరిచిందాకా నువ్వేనని తెలీదురా, నడకని బట్టి అనుకుంటా' అంటుంది. సుబ్బరంగా చెప్పింది. వినేవాళ్లకే అర్థం కాలేదు. ఇప్పుడు నాతో మాట్లాడేటప్పుడు ఆవిడ నా భుజం వైపు చూస్తుంది. సూటిగా చూస్తే నేను మాయమైపోతాను కాబట్టి, కాస్త పక్కకు చూసి నన్ను పట్టుకుంటుంది. ఆ కిటుకు తనకు తానే కనిపెట్టుకుంది. కంటి ఆసుపత్రుల్లో చూపు తక్కువైనవాళ్లకు కావాలని నేర్పేదీ అదే.

మన ఊళ్లలో ముసలివాళ్ల చూపుకు రెండే రెండు పేర్లు: చత్వారం, శుక్లం. నలభైల్లో మొదటిది, అరవైల్లో రెండోది. ఇందులో అన్యాయమేమీ లేదు. 2015–19 మధ్య దేశమంతా చేసిన సర్వేలో 50 దాటినవాళ్లలో అంధత్వానికి మూడింట రెండు వంతుల కారణం శుక్లమేనని తేలింది. ఆపరేషన్ చేసి లెన్సు పెడితే పోయేదానికి ముందు ఖర్చు పెట్టడం సబబే. చిక్కు ఏమిటంటే శుక్లానికి అంత పేరొచ్చేసరికి మిగతావన్నీ దాని నీడలో దాక్కుంటున్నాయి. చూపు మసకబారిందంటే చాలు, 'పొర ముదరనీ, తీయిద్దాం' అంటారు. ఆ ఆగే నెలల్లో లోపల జరుగుతున్నది శుక్లం కాకపోతే? ఇంకో వరస కూడా చూస్తుంటాను. ఆపరేషన్ అవుతుంది, లెన్సు చక్కగా కూర్చుంటుంది, అయినా మధ్యలో మచ్చ అలాగే ఉంటుంది. 'ఆ డాక్టరు కన్ను చెడగొట్టాడు' అని ఊరంతా చెప్పుకుంటారు. పాపం ఆయన ముందున్న కిటికీ అద్దం తుడిచాడు, గది లోపలి గోడ పెచ్చులూడితే ఆయనేం చేస్తాడు?

ఆపరేషన్‌కు ముందే కంట్లో మందు చుక్కలు వేసి, కంటిపాప పెద్దది చేసి, వెనక రెటీనా చూసి, 'అమ్మా, శుక్లం తీస్తే ఇంతవరకే వస్తుంది, మాక్యులా కూడా బాగాలేదు' అని చెబితే ఈ నిష్ఠూరాలు సగం తగ్గుతాయి. బాగా ముదిరిన శుక్లం ఉంటే వెనక ఏముందో కనబడదు, అది వేరే సంగతి. కనబడే కేసుల్లో కూడా చెప్పే తీరిక ఉండటం లేదన్నదే నా ఫిర్యాదు.

జబ్బులో రెండు రకాలున్నాయి. నూటికి 85–90 మందికి వచ్చేది పొడి రకం. ఏళ్ల తరబడి మెల్లగా నడుస్తుంది. మిగిలినవాళ్లకు తడి రకం: రెటీనా కింద పనికిమాలిన కొత్త రక్తనాళాలు పుట్టి, నీరూ నెత్తురూ కారతాయి. చూపు దారుణంగా పోగొట్టుకునేవాళ్లలో ఎక్కువమంది ఈ కొద్దిమందిలోనివాళ్లే. ఇది వారాల్లో కొంప ముంచుతుంది. విచిత్రం ఏమిటంటే బాగా పనిచేసే మందున్నదీ దీనికే. కొత్త రక్తనాళాలను అణిచే ఇంజెక్షన్ కంట్లోకే ఇస్తారు. 2006లో రానిబిజుమాబ్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది. అంతకంటే బాగా చౌకైన బెవాసిజుమాబ్ నిజానికి క్యాన్సర్ మందు. రెండూ చూపును దాదాపు ఒకేలా కాపాడుతున్నాయని 2011లో అమెరికా ప్రభుత్వ నిధులతో జరిగిన పోలిక పరీక్షలో తేలింది. 2015లో మన దేశంలోనే రానిబిజుమాబ్‌కు బయోసిమిలర్, అంటే దాన్ని పోలిన మందు, వచ్చింది. అంటే మందు లేదు, దొరకదు అనే రోజులు పోయాయి.

మందు ఉంది, టైముకు మనిషి ఉండడు. కారణం చాలా మామూలుది: రెండు కళ్లున్నాయి. ఒక కంట్లో తడి రకం మొదలైతే రెండో కన్ను ఆ లోటు పూడ్చేస్తుంది. ఎప్పుడో కంట్లో నలక పడి బాగున్న కన్ను నులుముకునేటప్పుడు, రెండో దానితో చూస్తే తలుపు దర్వాజా వంకరగా కనబడుతుంది. అప్పటికి నెలలు గడిచిపోయి ఉంటాయి. ఇంట్లో 60 దాటినవాళ్లుంటే వారానికోసారి ఒక కన్ను చేత్తో మూయించి, గోడ మీది క్యాలెండర్ గళ్లు చూడమనండి. చదివే అద్దాలు పెట్టుకునే చూడాలి. మధ్యలో ఒక తేదీ మీద చూపు నిలిపి, చుట్టూ గీతలు వంగాయా, ఎక్కడైనా గళ్లు మాయమయ్యాయా అని అడగాలి. తర్వాత రెండో కన్ను. స్విట్జర్లాండ్ కంటి డాక్టరు మార్క్ ఆమ్స్‌లర్ పేరుతో ఇలాంటి గళ్ల కాగితమే ఆసుపత్రుల్లో ఇస్తారు. గీతలు సరిగ్గా ఉన్నాయంటే జబ్బు లేదని కాదు, తొలి దశను ఇది పట్టుకోలేదు. కానీ కొత్తగా వంకర కనబడితే మాత్రం పండగ అయ్యాక చూద్దాం అనడానికి లేదు. ఆ వారంలోనే రెటీనా డాక్టరు దగ్గరికెళ్లి, రెటీనా పొరలను చూపించే ఓసీటీ స్కాన్ తీయించాలి. స్కాన్‌కు నొప్పీ ఉండదు, ఎక్కువసేపూ పట్టదు.

ఇంజెక్షన్ మొదలుపెట్టాక ఇంకో గండం ఉంది. సాధారణంగా మొదట్లో నెలకొకటి చొప్పున మూడు ఇస్తారు, ఆ తర్వాత స్కాన్‌ను బట్టి ఎడం పెంచుతూ పోతారు. పల్లె నుంచి బెజవాడకో గుంటూరుకో ముసలావిడను తీసుకెళ్లాలంటే ఒకరికి రోజు కూలీ పోతుంది. రెండు ఇంజెక్షన్లయ్యాక 'ఏమన్నా తేడా తెలిసిందా?' అంటే 'ఏముంది, అట్టాగే ఉంది' అంటుంది ఆవిడ. 'ఇక దేనికి మళ్లీ?' అని మానేస్తారు. ఈ జబ్బులో 'అట్టాగే ఉంది' అన్నదే మంచి ఫలితమని ముందుగా చెప్పినవాళ్లు ఎవరూ ఉండరు. కొందరికి చూపు మెరుగవుతుంది కూడా. కానీ ఇంజెక్షన్ అసలు పని ఉన్నది పోకుండా పట్టి ఉంచడం. తేడా తెలియలేదని మానేసిన ఇళ్లలోనే ఆ తర్వాత తేడా తెలుస్తుంది.

పొడి రకానికి చూపు వెనక్కి తెచ్చే మందు ఇప్పటికి లేదు. 2023లో అమెరికాలో రెండు ఇంజెక్షన్లకు అనుమతి వచ్చింది గానీ, అవి మచ్చ పెరగడాన్ని నెమ్మదింపజేస్తాయి, అంతే. ఇక విటమిన్ బిళ్లలు. మధ్య దశలో ఉన్నవాళ్లకు విటమిన్ సి, ఇ, జింకు, రాగి, ఆకుకూరల్లో ఉండే ల్యూటిన్, జియాజాంతిన్ అనే రంగు పదార్థాలు ఒక పద్ధతి ప్రకారం ఇస్తే ఐదేళ్లలో ముదిరే ప్రమాదం దాదాపు నాలుగో వంతు తగ్గుతుందని అమెరికాలో జరిగిన పెద్ద పరీక్షల్లో తేలింది. మధ్య దశ అన్న మాట గట్టిగా చదవండి. జబ్బే లేనివాళ్లకు రాకుండా ఆపుతుందని ఎవరూ చూపించలేదు. అయినా మందుల షాపులో 'కంటికి మంచిది' అని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ అమ్ముతూనే ఉన్నారు. పొగతాగేవాళ్లు బీటా కెరోటిన్ ఉన్న పాతరకం బిళ్లలు వాడకూడదు, ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. ఆ డబ్బుకు తోటకూర, పాలకూర కొనుక్కుని పప్పులో వేసుకోవడం నయం. ల్యూటిన్ అందులోనూ ఉంది. నీలికాంతిని ఆపుతాయనే బ్లూ కట్ అద్దాలు మాక్యులాను కాపాడతాయనడానికి గట్టి ఆధారమేదీ లేదు, కాబట్టి దాని గురించి ఇంతకంటే రాయను.

మన చేతిలో నిజంగా ఉన్నది పొగాకు. పొగతాగేవాళ్లకు ఈ జబ్బు ముప్పు రెండు నుంచి నాలుగు రెట్లు ఎక్కువ. మొదట చెప్పిన మన ఆంధ్రా సర్వేలో ఇది చుట్ట రూపంలో బయటపడింది: బాగా చుట్టలు కాల్చినవాళ్లలో జబ్బు ఎక్కువ కనబడింది. చుట్ట అనగానే మనకు అరుగు మీద కూర్చున్న తాతే గుర్తొస్తాడు. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పు కొసను నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ తాగే అవ్వలు ఎందరో. నోటి క్యాన్సర్ వస్తుందని వాళ్లకు చెప్పినవాళ్లున్నారు. కళ్లు పోతాయని చెప్పినవాళ్లను నేనైతే చూడలేదు. నాకు తెలిసి ముసలివాళ్లు క్యాన్సర్ మాటకు 'ఇంకెన్నాళ్లులే' అంటారు. 'మనవడి మొహం కనబడదు' అంటే మాత్రం ఆలోచిస్తారు. పోస్టర్లు వేసేవాళ్లు ఇది గమనిస్తే బాగుండు. రెండోది వంశం. ఈ జబ్బుకు దగ్గరి సంబంధమున్న జన్యువొకటి 2005లో దొరికింది. తల్లికో అక్కకో ఉంటే మిగతా తోబుట్టువులూ పిల్లలూ యాభై దాటాక ఏటా రెటీనా చూపించుకోవాలి.

చివరిగా ఒక సంగతి. సర్వేల అంకెల్లో ఇది ఉండదు, ఇళ్లలో మాత్రం ఉంటుంది. సూటిచూపు పోయిన కొందరికి లేనివి కనబడతాయి. గోడ మీద పూలతీగలు, గదిలో చిన్న చిన్న మనుషులు, ముగ్గుల్లాంటి ఆకారాలు. మెదడుకు కంటి నుంచి సరుకు అందక తనే బొమ్మలు కల్పించుకుంటుంది. 1760లోనే జెనీవాకు చెందిన ఛార్లెస్ బోనే అనే శాస్త్రవేత్త తన తాతగారికి ఇలా కనబడటం గురించి రాశాడు, అందుకే దీనికి ఛార్లెస్ బోనే సిండ్రోమ్ అని పేరు పెట్టారు. ఇందులో పిచ్చి లేదు, మతిమరుపు జబ్బు కూడా కాదు. అవి నిజం కావని చూసేవాళ్లకూ తెలుస్తూనే ఉంటుంది. కానీ మన ఇళ్లలో ఏ అవ్వ అయినా 'మంచం దగ్గర ఎవరో పిల్లలు నిలబడ్డారే' అంటే ఏమవుతుంది? గాలి సోకిందని తాయెత్తు, లేదా మతి పోయిందని నిద్రమాత్ర. అందుకే చాలామంది చెప్పకుండా దాచుకుంటారు. మా అత్తను నేనే అడిగాను, 'ఏమన్నా కనబడతన్నాయా అత్తా, లేనివి?' అని. కాసేపు ఊరుకుని, 'నీకెవరు చెప్పారు?' అంది.

నా వాదన చివరికి వచ్చి ఆగేది ప్రభుత్వం దగ్గరే. తెలంగాణలో 2018 ఆగస్టు 15న కంటి వెలుగు మొదలైంది, 2023లో రెండో విడత జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో అదే పేరుతో 2019 అక్టోబరులో మొదలుపెట్టారు. లక్షలాదిమందికి అద్దాలు అందాయి, ఆ మేలును కాదనను. అక్షరాల బోర్డు చదివిస్తే చూపు ఎంత తగ్గిందో తెలుస్తుంది. ఎందుకు తగ్గిందో చెప్పాలంటే రెటీనా ఫొటో తీయాలి. షుగరు కూడా రెటీనాను దెబ్బతీస్తుంది కాబట్టి ఆ పేషెంట్ల కోసం ఎలాగూ ఆ కెమెరాలు కావాలి. ఒకే ఫొటోలో రెండు జబ్బులూ కనబడతాయి, రెండు ఖర్చులక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ జనాభాలో 60 దాటినవాళ్లు 2021 నాటికి 12.4 శాతం, 2031 నాటికి 16.4 శాతం అవుతారని కేంద్ర గణాంక శాఖ అంచనా. 1.82 అన్న అంకె పుట్టినప్పుడు మన జనాభాలో ఇంతమంది పెద్దవాళ్లు లేరు. ఆ సర్వే జరిగి పాతికేళ్లు దాటింది. పింఛను ఇవ్వడానికి నెలనెలా ప్రతి ముసలివాళ్ల గుమ్మం దాకా వెళ్లే ఏర్పాటు ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. ఆ వెళ్లే మనిషి చేతిలో గళ్లు గీసిన కాగితం ఒకటి పెట్టి, ఒక్కో కన్ను మూయించి చూపించమంటే ప్రభుత్వానికి పడే అదనపు ఖర్చు ఆ కాగితం అచ్చు వేయించినంతే.